ఐదుకు రెండున్నర

నెల మొదటి శనివారం
కాచిగూడ స్టేషన్ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద
ఖయ్యూం భాయ్ కట్టల సుతిలి కోసే దాక
రైలెక్కని ప్రయాణికుని లెక్క నిలబడ్త.
పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు,
ముప్పై రూపాయల పుస్తకం.
"సార్, మీది వొచ్చింది," అంటడు.
నాది అంటే 'మబ్బుదొర',
ముప్పై రెండు పేజీలు, నడుమ రెండు పిన్నులు,
వేలికి అంటే నీలం.

పొద్దంత జలమండలిల నీళ్ల బిల్లుల లెక్కలు.
రాత్రి పదింటికి, మా స్వరూప టీవీ బందు చేసినంక,
పాత బిల్లుల రిజిస్టరు తీసి
"బాకీ" అని అచ్చేసిన గడిల మార్కులు వేస్త.
కథకు, బొమ్మకు, అక్షరానికి, రంగుకు.
ఎవరడిగిండ్రు? ఎవరూ అడగలే.
చదివేటోళ్లు నేను, నా చిన్నబిడ్డ నవనీత,
అది గూడ నా రాతల తప్పులు పట్టెటందుకు.

ముప్పై తొమ్మిదో సంచిక: "దుర్మార్గుడు మరీ మంచోడు. మూడు."
నలభై నాలుగు: "పదకొండో పేజీల దొరకు రెండు చేతులూ ఎడమవే.
మూడున్నర. ఆ అర, నవ్వొచ్చినందుకు."
యాభై రెండు: "చార్మినారుకు ఐదు మినార్లు.
మర్చి గీసిండా, దొంగచాటుగ ఒకటి కట్టిండా?"

అరవై ఒకటి కాడ నా రాత
ఇప్పుడు చూస్తె కొంచెం పొగరుగ కనబడ్తది:
"గీత వణుకుతున్నది. భవనాలు నిలబడ్తలేవు.
మూసీ మీద వాన సుత అడ్డదిడ్డం.
నెలంత టైముంది గద, ఏం చేస్తున్నరు?
ఐదుకు రెండున్నర."
కింద గీత కొట్టిన. రెండుసార్లు.

మర్నెల పుస్తకం రాలె.
ఆ పై నెల గూడ రాలె.
ఖయ్యూం భాయ్ సుతిలి కోసి, తల అడ్డంగ ఊపిండు.
మూడో నెల వొచ్చింది, మందం కాయితం,
స్కేలు పెట్టి గీసినట్టు గీతలు.
భవనాలు నిలబడ్డయి.
వాన ఒక్క కొలతల పడ్డది, మీటరు బిగించిన నల్లా లెక్క.
మొదటి పేజీ కింది మూల
"గీతలు: వెం." అని చీమంత ఉండె జాగ
తెల్లగ ఉన్నది.

"ఆయననా?" అన్నడు ఖయ్యూం భాయ్
చాయ్ సాసర్ల పోసుకుంట.
"నల్లకుంట దిక్కు ఉంటడంట. చెయ్యి ఆగుతలేదంట.
ఆఖరి పుస్తకం, ఎడమ చేత్తోని
కుడి మణికట్టు పట్టుకొని గీసిండంట.
కట్టలేసే పోరడు చెప్పిండు."
అంట, అంట. గంతే తెలుసు నాకు.
నల్లకుంట ఎంత దూరం, నడిస్తె ఇరవై నిమిషాలు.
పోయి ఏమంట?
మీకు రెండున్నర ఇచ్చినోణ్ని నేనే అంటనా?

ఆ రాత్రి అరవై ఒకటి మళ్ల తీసిన.
ఇరవై మూడో పేజీ. చాదర్‌ఘాట్ వంతెన.
ఏ చినుకూ ఇంకో చినుకు లెక్క లేదు.
ఒకటి గాలికి పక్కకు జరిగింది,
ఒకటి వంతెన గోడ తాకి, పడాల్నా వద్దా అని ఆగింది.
మబ్బులన్నిటికి దొర,
గొడుగు లేక తడుస్తుండు.
నిరుడు ఆఫీసు నుంచి వొస్తుంటె
నా మీద పడ్డది గిసొంటి వానే.

అట్లని ఐదు ఇయ్యాల్నా?
కథ మాత్రం బాగలేదు. నిజంగనే బాగలేదు.
దొర అట్ల ఊర్కెనే ఓడిపోడు.
జాలికి మార్కులేస్తె రిజిస్టరు పాడైతది.

"కొట్టేసి కొత్తది రాయి బాపూ," అన్నది నవనీత.
కొట్టేసుడు లేదు బిడ్డా,
తప్పు లెక్కను చెరపొద్దు మా ఆఫీసుల,
పక్కన సవరణ రాసి సంతకం పెట్టాలె.
పెట్టిన:
"పేజీ ఇరవై మూడు. వాన.
తప్పు చూసినోనిది. మార్కులు ఇంక తేల్చలే."
బాకీ గడి అట్లనే ఉన్నది.

మళ్ల శనివారం, మళ్ల సుతిలి.
కొత్త సంచికకు రాసిన: "భవనాలు బాగున్నయి. మూడు."
పేజీలన్నీ రెండుసార్లు తిప్పి చూసిన,
ఈ నెల కథల
ఎక్కడా వాన లేదు.